లార్డ్ కోబర్న్ పేరు మీద ఎడిన్‌బరో నడక: మా నాన్నగారిని తీసుకెళ్ళిన టూర్ గురించి

అక్టోబరులో మా నాన్నగారు నా దగ్గరికి ఎడిన్‌బరో వచ్చారు. రాజమండ్రి కోర్టులో 38 ఏళ్ళు సివిల్ ప్రాక్టీసు చేసిన మనిషి. కోట చూపించాను, చూశారు. విస్కీ ఎలా చేస్తారో చూపించే చోటికి తీసుకెళ్తే లోపలికి రానని బయట బెంచీ మీద కూర్చున్నారు. నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ "ఇక్కడ కోర్టు ఎక్కడుందమ్మా?" అని అడిగారు. అప్పుడు వెతికితే దొరికింది ఈ టూర్. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ లాయరుగా, తర్వాత జడ్జిగా పనిచేసిన హెన్రీ కోబర్న్ అనే ఆయన జీవితం చుట్టూ అల్లిన నడక. మనిషికి 25 పౌండ్లు, నాలుగు గంటలు, గుంపులో ఎనిమిది మందికి మించి తీసుకోరు. మన వాళ్ళెవరైనా అమ్మానాన్నలని తీసుకొచ్చినప్పుడు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక కంప్లయింటు చెప్పేసి మిగతాది రాస్తాను. నేను మొదట శనివారానికి బుక్ చేశాను. ఈ టూర్‌లో అసలు చూడాల్సింది పార్లమెంట్ హాల్, అది కోర్టు భవనం కాబట్టి శని, ఆదివారాలు మూసేస్తారు. ఆ సంగతి బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు. డబ్బు కట్టాక వచ్చిన మెయిల్‌లో, అదీ చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంది. తేదీ మార్చమంటే మనిషికి 5 పౌండ్లు అదనంగా తీసుకున్నారు. తప్పు వాళ్ళది, డబ్బు మాది. ఈ మాట గైడుగారితో చెబితే ఆవిడ పాపం చాలా నొచ్చుకున్నారు, కానీ బుకింగులు చూసేది వేరే వాళ్ళట. కాబట్టి మీరు బుక్ చేస్తే సోమవారం నుంచి శుక్రవారం లోపే చేయండి.

ఇంకోటి, పేరు. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే మనం కాక్‌బర్న్ అని చదువుతాం. ఇక్కడ అలా అంటే ఎవరికీ అర్థం కాదు, కోబర్న్ అనే అనాలి.

గైడు అరవై దాటిన ఆవిడ, స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. హై స్ట్రీట్‌లో సెయింట్ జైల్స్ చర్చి వెనక పార్లమెంట్ స్క్వేర్ దగ్గర కలుసుకున్నాం. బ్యాగులు స్కాన్ చేసి లోపలికి పంపారు, ప్రవేశం ఉచితం. ఆ హాలు 1639లో పూర్తయింది. 1707లో ఇంగ్లండుతో కలిసిపోయేదాకా స్కాట్లండ్ పార్లమెంటు కూర్చున్నది అక్కడే, ఆ తర్వాత కోర్టుల చేతికి వచ్చింది. పైన ఓక్ దూలాలతో కట్టిన కప్పు, తిరగేసిన పెద్ద పడవలోకి తొంగి చూస్తున్నట్టుంటుంది. గోడల వెంట జడ్జీల బొమ్మలు, విగ్రహాలు, వాటిలో కోబర్న్ విగ్రహం కూడా ఉంది, విలియం బ్రోడీ అనే శిల్పి చెక్కింది.

మా నాన్నగారు మాత్రం విగ్రహాలు చూడలేదు. హాలు మధ్యలో ఇద్దరు లాయర్లు నల్ల గౌన్లు వేసుకుని, పక్కపక్కన నడుస్తూ, ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం, మళ్ళీ తిరిగి రావడం. ఇద్దరూ తలలు వంచుకుని నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు. పక్కవాళ్ళకి వినపడకూడదని ఇలా నడుస్తూ మాట్లాడుకోవడం ఇక్కడ తరతరాల అలవాటని గైడు చెప్పారు. అందులో పెద్దాయన గౌను అంచు అరిగి దారాలు వేలాడుతున్నాయి, చంకలో కాగితాల కట్ట, దానికి గులాబీ రంగు నాడా. నాన్నగారు ఒక పది నిమిషాలు కదల్లేదు. "మా వరండాలో మేమూ ఇంతే. వాయిదాకి ముందు పార్టీని పక్కకి తీసుకెళ్ళి ఇలాగే నడిచేవాళ్ళం" అన్నారు. ఆ పది నిమిషాలు గైడుగారు ఆయన్ని తొందరపెట్టలేదు, మిగతా వాళ్ళకి కిటికీ చూపిస్తూ ఉండిపోయారు. నా దృష్టిలో టూర్‌కి పెట్టిన డబ్బు అక్కడే వసూలైపోయింది.

కోబర్న్ 1779లో పుట్టి 1800లో లాయరయ్యాడు. అప్పటి కోర్టు ఎలా ఉండేదో ఆయన తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఉంది. జడ్జీల ముందు బల్ల మీద పోర్ట్ వైన్ సీసాలు, గ్లాసులు, బిస్కట్లు పెట్టేవారట, కేసు నడుస్తుండగానే పోసుకుని తాగేవారట. నాన్నగారు నమ్మలేదు, రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు. ఇంకో సంగతి, ఈ కోబర్న్ తమ్ముళ్ళు, అన్నల్లో రాబర్ట్ అనే ఆయన 1815లో పోర్చుగల్‌లో పోర్ట్ వైన్ వ్యాపారం పెట్టాడు. కోబర్న్స్ పోర్ట్ అని ఇప్పటికీ ఇక్కడ సూపర్ మార్కెట్లలో దొరికేది అదే. అదే అరల ముందు నుంచి నేను ఆరేళ్ళుగా వెళ్తున్నాను, ఎప్పుడూ తెలీదు.

ఇక ఇంటి సంగతి. నాకు టూర్ మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే, గైడు కూడా దీన్నే ఎక్కువసేపు చెప్పారు. తండ్రి ఆర్చిబాల్డ్ కోబర్న్ మిడ్‌లోథియన్ షెరీఫ్, అంటే మన జిల్లా జడ్జిలాంటి పదవి. పక్కా టోరీ, అంటే పాత పద్ధతులు మారకూడదనే పార్టీ మనిషి. తల్లి జానెట్ రానీ. ఆవిడ అక్కచెల్లెళ్ళలో ఒకావిడ ఎలిజబెత్‌ని హెన్రీ డుండాస్ పెళ్ళి చేసుకున్నాడు. అంటే కోబర్న్‌కి వరసకి బాబాయో పెదనాన్నో అవుతాడన్నమాట. ఈ డుండాస్ అంటే మామూలు మనిషి కాదు, కిరీటం లేని స్కాట్లండ్ రాజు అని జనం చెప్పుకునేవాళ్ళు. ఉద్యోగం కావాలన్నా, పార్లమెంటు సీటు కావాలన్నా ఆయన మాట సాయం ఉండాల్సిందే. ఈస్టిండియా కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కి 1793 నుంచి 1801 దాకా అధ్యక్షుడు కూడా ఆయనే. కంపెనీ కొలువుల్లో అంతమంది స్కాట్లు ఎందుకుండేవారో అప్పుడు తట్టింది నాకు. 1800లో మన దత్త మండలాలకి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోవాడే, మన కైఫియతులు సేకరించిన కాలిన్ మెకంజీ ఇక్కడి స్టోర్నోవేవాడే. సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో ఎత్తయిన స్తంభం మీద నిలబడి ఉన్నది ఈ డుండాసే. 1792లో బానిస వ్యాపారం రద్దు చేయాలన్న తీర్మానంలో "క్రమక్రమంగా" అన్న మాట చేర్పించింది కూడా ఈయనే, అందుకే ఆ స్తంభం గురించి ఇక్కడ ఇప్పటికీ గొడవ నడుస్తూంటుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. 1807లో డుండాసుల అండతోనే అడ్వొకేట్ డిప్యూట్ పదవి, అంటే మన లెక్కలో ప్రభుత్వం తరఫున వాదించే పీపీలాంటి ఉద్యోగం, వచ్చేసింది కూడా. కానీ అప్పటికే మనసు టోరీలకి ఎదురుగా సంస్కరణలు కావాలనే విగ్ పార్టీ వైపుంది. తోటి లాయరు ఫ్రాన్సిస్ జెఫ్రీ లాంటి స్నేహితులంతా అటే. 1810లో ఆ రాజకీయాల మూలంగానే ఉద్యోగంలోంచి తీసేశారు. తండ్రి పార్టీ, బంధువుల పార్టీ, పై వాళ్ళ పార్టీ ఒకటైతే తను ఇంకోటి.

ఈ మాట విన్నప్పుడు నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. మా తాతయ్య కాంగ్రెస్ మనిషి, నాన్నగారు కాలేజీ రోజుల్లో కమ్యూనిస్టుల వెంట తిరిగారు, ఇంట్లో దాదాపు రెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవని నానమ్మ చెప్పేది. నాన్నగారు మాత్రం ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు కూడా ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం కొంచెంసేపు వదల్లేదు.

బర్క్, హేర్ కేసు గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1828లో ఎడిన్‌బరోలో పదహారు మందిని చంపి, ఆ శవాలని డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కి, కోతకోసి పాఠం చెప్పుకోడానికి, అమ్ముకున్నారు. ఇక్కడ దయ్యాల టూర్లన్నీ ఈ కథ మీదే బతుకుతాయి, అరిచి, భయపెట్టి చెప్తారు. ఈ టూర్‌లో కథ కోర్టు వైపు నుంచి చెప్పారు, అందుకే నాన్నగారికి అంత నచ్చింది. హేర్ అప్రూవరుగా మారిపోయాడు. ముద్దాయిలుగా మిగిలింది బర్క్, అతనితో ఉంటున్న హెలెన్ మక్‌డూగల్ అనే ఆవిడ. ఆవిడ తరఫున వాదించింది మన కోబర్న్. ఫీజు లేదు, పేద ముద్దాయిలకి పెద్ద లాయర్లు ఊరికే నిలబడడం అప్పటి పద్ధతి.

1828 డిసెంబరు 24 పొద్దున్న పదింటికి విచారణ మొదలైంది. మొదటే డిఫెన్సువాళ్ళు అభ్యంతరం లేవదీశారు, చార్జిషీటులో మూడు హత్యలు కలిపేశారు, మక్‌డూగల్ మీద ఉన్నది ఒక్కటే, ఆ మిగతా రెండూ జ్యూరీ చెవిన పడితే ఆవిడకి అన్యాయం జరుగుతుంది అని. కోర్టు ఒప్పుకుంది, ఒక్క డోకర్టీ అనే ముసలావిడ హత్య మీదే నడిపారు. నాన్నగారు అక్కడ గైడుని ఆపి, చార్జీలు విడగొట్టమని వేసిన పిటిషన్ మీద ఆర్డరు వెంటనే ఇచ్చారా, రిజర్వు చేశారా అని అడిగారు. అప్పటికప్పుడే ఇచ్చారని చెప్పాక "అయితే అసలు కేసు అక్కడే సగం గెలిచారు" అన్నారు నాకేసి తిరిగి.

రాత్రంతా కోర్టు నడిచింది, మధ్యలో వాయిదా లేదు. క్రిస్మస్ రోజు తెల్లవారుజామున కోబర్న్ లేచి జ్యూరీకి చెప్పుకున్నాడు, హేర్‌నీ అతని భార్యనీ నమ్మి ఒక మనిషిని ఉరి తీయొచ్చా అన్నదే ఆయన వాదన. జ్యూరీ 50 నిమిషాలు ఆలోచించింది. బర్క్ దోషి, 1829 జనవరి 28న ఉరి తీశారు. మక్‌డూగల్ విషయంలో "రుజువు కాలేదు" అని తేల్చారు. స్కాట్లండ్‌లో దోషి, నిర్దోషి అని రెండే కాకుండా ఈ మూడో తీర్పు కూడా ఉండేది, ముద్దాయిని వదిలేసేవారు కానీ నిర్దోషి అని మాత్రం అనేవారు కాదు. ఊరు ఊరంతా ఆవిడ మీద పగబట్టి ఉన్నప్పుడు, పండగపూట నిద్రలేని జ్యూరీ ముందు నిలబడి, సాక్ష్యం చాలదు అని చెప్పడానికి ఎంత గుండె కావాలో, అది నాన్నగారి మొహం చూస్తే తెలిసింది.

1830లో కోబర్న్ స్కాట్లండ్‌కి సొలిసిటర్ జనరల్ అయ్యాడు. ఆయన పైన, ప్రభుత్వ లాయర్లలో పెద్ద పదవైన లార్డ్ అడ్వొకేట్‌గా జెఫ్రీ. వీళ్ళిద్దరూ కూర్చుని స్కాట్లండ్ రిఫార్మ్ బిల్లు తయారు చేశారు, అది 1832లో చట్టమైంది. అంతకు ముందు స్కాట్లండ్ మొత్తానికీ ఓటున్నవాళ్ళు నాలుగున్నర వేల మంది, ఎడిన్‌బరో ఎంపీని ఎన్నుకునేది టౌన్ కౌన్సిల్లో 33 మంది. చట్టం వచ్చాక ఓటర్లు దాదాపు 65,000 అయ్యారు. 1834లో జడ్జి, అప్పటి నుంచే లార్డ్ కోబర్న్.

అక్కడి నుంచి బయటికొచ్చి కోబర్న్ స్ట్రీట్ దిగాం. హై స్ట్రీట్ నుంచి వేవర్లీ స్టేషన్‌కి వంపులు తిరుగుతూ జారే వీధి, ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. ఆయన పోయిన కొద్ది కాలానికే, 1850ల్లో వేయడం మొదలుపెట్టి ఆయన పేరు పెట్టారు. కింద చివర ఒకప్పుడు కోబర్న్ హోటల్ ఉన్న భవనం గుమ్మం పైన రాతిలో ఆయన మొహం పక్కవాటంగా చెక్కి ఉంటుంది. నేను ఆ గుమ్మం ముందు నుంచి వందలసార్లు స్టేషన్‌కి పరిగెత్తి ఉంటాను. గైడు వేలు పెట్టి చూపించేదాకా తల ఎత్తి చూడలేదు. ముక్కు కొద్దిగా అరిగింది, వాన నీళ్ళు కారి చెంప మీద నల్లటి చార. నాన్నగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

ఈ ఊరికి ఆయన చేసిన మేలు అర్థం కావాలంటే ప్రిన్సెస్ స్ట్రీట్‌లో నిలబడాలి. ఒక పక్కన కొట్లు, ఇంకో పక్క ఏమీ అడ్డు లేకుండా తోట, దాని మీద కోట. ఆ ఖాళీలో కట్టుకుంటామని ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. 1849లో కోబర్న్ ఊరి మేయరుకి, ఇక్కడ లార్డ్ ప్రొవోస్ట్ అంటారు, ఒక బహిరంగ లేఖ రాసి అచ్చు వేయించాడు. ఎడిన్‌బరో అందాన్ని పాడుచేయడానికి మంచి మార్గాలేమిటి అన్నట్టు దానికి పేరు పెట్టాడు. అప్పటికి ఆయనకి డెబ్బై దగ్గర వయసు. కుర్రతనంలో ఊళ్ళో బెల్వ్యూ అనే చోట మంచి చెట్లన్నీ నరికేసి ఇళ్ళు కడితే కలిగిన బాధ చివరిదాకా పోలేదు, జ్ఞాపకాల్లో కూడా రాసుకున్నాడు. ఆయన పేరుతోనే 1875లో కోబర్న్ అసోసియేషన్ పెట్టారు, అది ఇవాళ్టికీ ఉంది, ఊళ్ళో ఎక్కడ పాత కట్టడం కూల్చాలన్నా వాళ్ళు అభ్యంతరం రాస్తారు. ఏటా సెప్టెంబరులో మామూలుగా మూసి ఉండే భవనాలని జనానికి ఉచితంగా తెరిపించే డోర్స్ ఓపెన్ డేస్ కూడా ఇక్కడ వాళ్ళే నడుపుతారు. మా రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర పాత డాబాలు ఒక్కొక్కటే పోతున్నప్పుడు ఇలా ఉత్తరం రాసేవాళ్ళు ఒక్కరున్నా బాగుండేదని నాకు అనిపిస్తూనే ఉంది ఇప్పటికీ.

షార్లెట్ స్క్వేర్‌లో ఆయన ఉన్న 14వ నంబరు ఇల్లు బయట నుంచే చూపించారు. 1824లో ఎడిన్‌బరో అకాడమీ అనే స్కూలు పెట్టినవాళ్ళలో ఆయనొకడన్నది కూడా నడుస్తూ చెప్పేశారు, అటు వెళ్ళలేదు. ఆ తర్వాత డీన్ బ్రిడ్జి దాటి డీన్ స్మశానం. 1854 ఏప్రిల్‌లో పోయిన కోబర్న్ సమాధి అక్కడే, స్నేహితుడు జెఫ్రీ సమాధికి దగ్గర్లోనే. లార్డ్ రదర్‌ఫర్డ్ అనే మరో జడ్జికి ఎర్ర గ్రానైట్‌తో పిరమిడ్ కట్టారు, అది దూరం నుంచే కనపడుతుంది. కోర్టులో పక్కపక్కన నడిచినవాళ్ళు ఇక్కడా ఒకే వరసలో ఉన్నారు. సన్నగా చినుకు పడుతోంది, నాన్నగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

లోటు ఏమిటంటే, నాలుగు గంటల్లో ఆయన భార్య ఎలిజబెత్ మక్‌డవల్ పేరు ఒక్కసారి వచ్చింది, అదీ నేను అడిగితే. 1811లో పెళ్ళి, పదకొండు మంది పిల్లలు, ఆరుగురు మగపిల్లలు, అయిదుగురు ఆడపిల్లలు. ఒక కొడుక్కి ఫ్రాన్సిస్ జెఫ్రీ అని స్నేహితుడి పేరే పెట్టుకున్నారు. డుండాస్ గురించి అరగంట చెప్పినప్పుడు ఈ ఇల్లాలి గురించి పది నిమిషాలు చెప్పొచ్చు కదా. వారసుల గురించి మాత్రం బాగా చెప్పారు. జర్నలిస్టు క్లాడ్ కోబర్న్, నవలాకారుడు ఎవెలిన్ వా ఈయన వంశం వాళ్ళే. హాలీవుడ్ నటి ఒలివియా వైల్డ్ అసలు ఇంటిపేరు కూడా కోబర్నే, క్లాడ్ మనవరాలు. ఈ మాటకి గుంపులో ఉన్న కాలేజీ అమ్మాయిలిద్దరూ వెంటనే ఫోన్లు తీశారు.

రెండో లోటు బోనాలీ. పెళ్ళైన ఏడాది నుంచి చచ్చిపోయేదాకా ఆయన మనసు పెట్టుకున్న ఇల్లు అది, పెంట్‌లాండ్ కొండల పాదాల దగ్గర. టూర్‌లో లేదు. మర్నాడు మేమిద్దరమే సిటీ బస్సులో వెళ్ళాం. ఇల్లు ఇప్పుడు ఫ్లాట్లుగా మారింది, జనం ఉంటున్నారు, కాబట్టి దారి మీద నుంచే చెట్ల సందుల్లోంచి విలియం ప్లేఫెయిర్ కట్టిన బురుజు చూశాం. అక్కడ ఒక పాత ఫామ్‌హౌస్‌తో, కొద్దిపాటి నేలతో మొదలుపెట్టి ఇరవై ఎకరాల ఆసామి అయ్యాడు. అందుకోసం అక్కడున్న చిన్న పల్లెని తీసేయించి బురుజు కట్టించానని తనే తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. ఊరి చెట్లు నరికితే అంత బాధపడిన మనిషి. ఇది గైడుగారు చెప్పలేదు, చెప్పి తీరాల్సింది. నాకు ఆ మనిషి మీద గౌరవం దీనివల్ల పోలేదు, కానీ ఆ పల్లెలో ఉన్నవాళ్ళ గురించి ఆలోచించకుండా ఆ బురుజుని చూడలేకపోయాను. నాన్నగారు మాత్రం ఒక్కమాటే అన్నారు, "ఖాళీ చేయించినట్టు నోటీసైనా ఇచ్చాడో లేదో."

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. దారంతా రాతి పలకలు, ఎగుడుదిగుడు, కోబర్న్ స్ట్రీట్ బాగా వాలు, మోకాళ్ళ నొప్పులుంటే చేతికర్ర తప్పనిసరి. మధ్యలో షార్లెట్ స్క్వేర్ దగ్గర పదిహేను నిమిషాలు విరామం ఇస్తారు, బాత్రూమ్ పని అప్పుడే చూసుకోవాలి, స్మశానం దగ్గర ఏమీ ఉండదు. గొడుగు ఇక్కడి గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు వేయించండి. గైడుగారి ఇంగ్లీషు స్కాటిష్ యాసలోనే ఉంటుంది కానీ నెమ్మదిగా మాట్లాడతారు, నాన్నగారికి ఒకటి రెండు చోట్ల తప్ప నేను చెప్పాల్సిన పని పడలేదు.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి ఆ శనివారం బుకింగు గొడవకి, ఎలిజబెత్ గారిని వదిలేసినందుకు. వచ్చే జూన్‌లో మా అత్తగారు, మామగారు వస్తున్నారు, వాళ్ళకీ ఇదే బుక్ చేశాను, ఈసారి మంగళవారానికి.